తిరుపతిలో జీ విలువ

బాలాజీ కాలనీ వైపు వెళ్తుంటే ఇన్వర్టర్ బ్యాటరీలు సర్వీసు చేసే షాపు ముందు మూతలు తీసిన బ్యాటరీలు వరసగా పెట్టి ఉన్నాయి. ముక్కులోకి చురుక్కుమని ఎక్కే ఆ యాసిడ్ ఘాటు తగలగానే డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్ మొత్తం కళ్లముందుకొచ్చి నిలబడింది. ఆ రోజుల్లో ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే మొదట పలకరించేది ఆ వాసనే. మూలన చిన్న గదిలో రెండు వోల్టుల అక్యుములేటర్లు చార్జింగుకు పెట్టి ఉండేవి. దాని పక్కన మైలుతుత్తం నీళ్ల వాసన, నవసాగరం వాసన, టేకు బల్లల మీద లక్క పాలిష్ వాసన.

ఎంపీసీలో ఫిజిక్స్ ప్రాక్టికల్ అంటే మూడు గంటలు. ఒక్కో బల్లకు ఇద్దరు. పాకాల ప్యాసింజర్లో వచ్చేవాళ్లు, పుత్తూరు, శ్రీకాళహస్తి బస్సుల్లో వచ్చేవాళ్లు, హాస్టల్ పిల్లలు, అందరూ అబ్జర్వేషన్ బుక్కు, క్లార్క్స్ టేబుల్సు (లాగరిథం పుస్తకం), పెన్సిలు, రబ్బరు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇంత హాల్లో మాటలు తక్కువ. స్టాప్ క్లాక్ టిక్కుటిక్కు, సోడియం ల్యాంపు చోక్ గుయ్యిమనడం, హ్యాంగర్ మీద అరకిలో బరువు ఎక్కించినప్పటి టంగుమనే చప్పుడు, అటెండర్ తాళంచెవుల గుత్తి, ఇవే వినపడేవి.

పొటెన్షియోమీటరు

సెల్ వోల్టేజీ కొలిచే సాధనమిది. పది మీటర్ల తీగను మీటరు చొప్పున పది వరసలుగా చెక్క మీద బిగించి ఉంటుంది. ఆ చివరకూ ఈ చివరకూ అక్యుములేటర్ కలిపితే రెండు వోల్టులు పది మీటర్ల మీద పరుచుకుంటాయి, అంటే మీటరుకు 0.2 వోల్టు. డేనియల్ సెల్ 1.08 వోల్టులు కాబట్టి బ్యాలెన్సు, అంటే గాల్వనామీటరు ముల్లు సున్నా మీద నిలిచే చోటు, 5.4 మీటర్ల దగ్గర, ఆరో తీగ మీద రావాలి. లెక్లాంషే సెల్ ఏడు మీటర్లు దాటాక, ఎనిమిదో తీగ మీద. ముందే ఈ లెక్క వేసుకుని కూర్చున్నవాళ్లకు పావుగంటలో పని అయిపోయేది. వేసుకోనివాళ్లు మొదటి తీగ నుంచి జాకీ (తీగకు తాకించే లోహపు ముక్క) పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

గాల్వనామీటరు ముల్లు రెండు చివర్లలోనూ ఒకే పక్కకు పోతుంటే చూడాల్సినవి రెండే. సెల్ ప్లస్ కొస, అక్యుములేటర్ ప్లస్ కొస ఒకే టెర్మినల్‌కు వచ్చాయా లేదా అన్నది మొదటిది. వచ్చి ఉంటే అక్యుములేటర్ దిగిపోయిందన్నమాట. తీగ మీద మొత్తం వోల్టేజీ సెల్ వోల్టేజీకన్నా తక్కువైతే బ్యాలెన్సు అనేది ఆ తీగ మీద ఎక్కడా ఉండదు. అప్పుడే చార్జింగు నుంచి తీసిన అక్యుములేటర్ కూడా ఇబ్బందే. రెండు వోల్టుల కంటే కాస్త పైన మొదలై మెల్లగా దిగుతుంటుంది, దాంతోపాటు బ్యాలెన్సు పాయింటు జరుగుతూ ఉంటుంది. అందుకే డేనియల్ సెల్ రీడింగు ముందొకసారి, లెక్లాంషే అయ్యాక మళ్లీ ఒకసారి తీసి, రెండూ కలిస్తేనే రాసుకోమనేవాళ్లు.

కొత్తవాళ్లు జాకీని తీగ మీద రాసుకుంటూ జరిపేవాళ్లు. అటెండరు ఎంత దూరంలో ఉన్నా ఆ గీత చప్పుడు పట్టేసేవాడు. "గుంజొద్దప్పా! ముట్టీ ముట్టనట్ట ముట్టు. తీగ అరిగిపోతే రేపొచ్చేటోళ్లు ఏం జేస్తారు?" అనేవాడు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. కానీ ఆ మాటలో ఎక్స్‌పెరిమెంటు సూత్రమంతా ఉంది. తీగ మందం అంతటా ఒకటిగా ఉంటేనే సెంటీమీటరుకింత అని వోల్టేజీ సమంగా పడుతుంది. ఒకచోట అరిగిందా, అక్కడ నిరోధం పెరిగి ఆ తర్వాతి రీడింగులన్నీ వంకరపోతాయి. లెక్లాంషే సెల్ దగ్గర కీ నొక్కి పట్టుకున్నా ఆయనకు నచ్చేది కాదు. కరెంటు లాగుతూ ఉంటే కార్బన్ కడ్డీ చుట్టూ హైడ్రోజన్ చేరుతుంది, లోపలి మాంగనీస్ డయాక్సైడ్ దాన్ని అంత తొందరగా తినలేదు, సెల్ వోల్టేజీ పడిపోతుంది. కీ ఒక్క క్షణం నొక్కి వదలాలి.

డార్క్ రూమ్

కాంతి ఎంత కోణంలో వంగిందో కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉన్న గదికి నల్ల తెరలు. కానీ పని మొదలయ్యేది కిటికీ దగ్గర. టెలిస్కోపును దూరపు వస్తువు మీద ఫోకస్ చేయాలి, అంటే అక్కడి నుంచి వచ్చే కిరణాలు సమాంతరంగా ఉన్నాయనుకునేంత దూరం. వేరే ఊళ్లలో దూరంగా ఉన్న చెట్టో, కరెంటు స్తంభమో వెతుక్కుంటారు. తిరుపతిలో ఆ వెతుకులాట లేదు. కిటికీ తెర తొలగిస్తే ఎదురుగా తిరుమల కొండ, మీద గాలి గోపురం. ఐపీస్‌లో క్రాస్ వైర్లు తేటగా కనపడేదాకా ఐపీస్ జరిపి, ఆ తర్వాత పక్క స్క్రూ తిప్పుతుంటే కొండ అంచు మసకలోంచి తేరుకునేది. గోపురం తలకిందులుగా, శిఖరం కిందికి, చిన్నగా, తెల్లగా. కన్ను అటూ ఇటూ కదిపినా గోపురం, క్రాస్ వైరు ఒకదాని మీద ఒకటి కదలకుండా ఉంటే ఫోకస్ కుదిరినట్టు. ఆ తర్వాత మూడు గంటలూ ఆ స్క్రూ జోలికి వెళ్లకూడదు.

గ్రేటింగ్ అంటే సన్నని గీతలున్న అద్దంముక్క, మాది అంగుళానికి 15,000 గీతలది. దాన్ని కాంతికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టడంలోనే పనంతా ఉంది. టెలిస్కోపును స్లిట్‌కు సూటిగా పెట్టి, అక్కడి నుంచి 90 డిగ్రీలు తిప్పి బిగించాలి. గ్రేటింగ్ ఉన్న బల్లను మాత్రమే తిప్పుతూ, దాని మీద పడి తిరిగొచ్చే స్లిట్ బింబం క్రాస్ వైరు మీదికి తేవాలి. ఇప్పుడు గ్రేటింగ్ 45 డిగ్రీల వాలులో ఉందన్నమాట. బల్లను ఇంకో 45 డిగ్రీలు తిప్పితే సూటి. సోడియం పసుపు గీత మొదటి ఆర్డరులో 20 డిగ్రీల 22 నిమిషాల దగ్గర దొరుకుతుంది, కుడివైపూ ఎడమవైపూ కూడా. రెండు పక్కల కోణాలకూ నాలుగైదు నిమిషాల కంటే ఎక్కువ తేడా వస్తే గ్రేటింగ్ సూటిగా లేదని అర్థం, మళ్లీ మొదటి నుంచి. రెండో ఆర్డరుకు 44 డిగ్రీలు దాటాక వెళ్తే పసుపు గీత రెండుగా విడిపోయి కనిపిస్తుంది. 5890, 5896 ఆంగ్‌స్ట్రాములు. వాటి మధ్య ఉన్నది మూడున్నర నిమిషాల కోణం మాత్రమే. అలా విడిపోయిన గీతల్ని మొదటిసారి చూసిన రోజున ఎవరూ ఐపీస్ వదిలి పక్కవాడికి ఇచ్చేవాళ్లు కాదు.

తప్పులు ఎక్కువగా వెర్నియర్ దగ్గరే. మెయిన్ స్కేలు అరడిగ్రీ గీతలది, వెర్నియర్ నిమిషం దాకా చెబుతుంది. అరడిగ్రీ గీత దాటిందని గమనించకపోతే రీడింగు 30 నిమిషాలు తక్కువ పడుతుంది. టెలిస్కోపు 360 దాటి సున్నా మీదుగా వెళ్తే 360 కలపాలి. మరిచిపోయిన రోజున లెక్కలో 340 డిగ్రీల కోణం తేలేది.

మెర్క్యురీ ల్యాంపు పెట్టిన రోజు కరెంటు పోతే మాత్రం చేసేదేమీ లేదు. ఒక్క నిమిషం పోయి వచ్చినా ల్యాంపు వెంటనే వెలగదు. వేడిమీదున్న ట్యూబులో పాదరసం ఆవిరి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, మామూలు వోల్టేజీ దాన్ని మళ్లీ రగిలించలేదు. చల్లారి ఒత్తిడి దిగాలి, అయిదు పది నిమిషాలు. ఆ చీకట్లో బల్లకు చెయ్యి తగలకుండా కూర్చోవడమే పని.

అద్దం మీద లెన్సు పెడితే కనిపించే న్యూటన్ రింగుల దగ్గర ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మధ్య చుక్క నల్లగా ఉండాలి. తెల్లగా ఉంటే లెన్సుకూ అద్దానికీ మధ్య దుమ్ము చేరినట్టు, స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ పెట్టాలి. ఎంత తుడిచినా పోకపోతే భయం లేదు, ఎందుకంటే లెక్కలో వాడేది ఒక రింగు వ్యాసం కాదు, రెండు రింగుల వ్యాసాల వర్గాల తేడా. దుమ్ము వల్ల వచ్చిన ఎడం అన్ని రింగులకూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. పోనిది మైక్రోస్కోపు స్క్రూ వదులు. ఎడమ 20వ రింగు నుంచి కుడి 20వ రింగు దాకా ఒకే దిక్కుగా తిప్పుకుంటూ వెళ్లాలి. దాటిపోయామని ఒక్కసారి వెనక్కి తిప్పినా ఆ వరస మొత్తం పనికిరాదు.

ఈ గ్రేటింగ్ లెక్క ఒంటబట్టినవాళ్లకు తర్వాతి కాలంలో వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్ చూడ్డానికి వెళ్తే సంబరంగా ఉండేది. కొండల మధ్య మైదానంలో 1024 యాగీ యాంటెన్నాలు, 32 వరసల్లో 32 చొప్పున. 53 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 5.7 మీటర్లు. గాలిలో దానికి సగం, 2.8 మీటర్ల ఎడంతో ఉన్న అలజడుల నుంచే ప్రతిధ్వనులు ఒకదానికొకటి కలిసొస్తాయి. అంగుళానికి 15,000 గీతలున్న అద్దంముక్క దగ్గర నేర్చుకున్న దారితేడా లెక్క అక్కడ ఆకాశమంత పెద్దదై కనిపిస్తుంది.

సోనోమీటరు, కరెంటు

కరెంటు ఫ్రీక్వెన్సీ కనుక్కునే ఎక్స్‌పెరిమెంటు చూడ్డానికి చాలా సులువు. పెట్టె మీద ఇత్తడి తీగ, ఒక కొస కప్పీ మీదుగా వేలాడే బరువు. తీగ మధ్యలో గుర్రపునాడా అయస్కాంతం. ఆరు వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగలోకి కరెంటు. రెండు బ్రిడ్జిల మధ్య కాగితపు ముక్కను మడిచి తీగ మీద కూర్చోబెట్టి, బ్రిడ్జిల ఎడం కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే ఒకచోట ఆ కాగితం వణికి ఎగిరి పడిపోతుంది. ఆ పొడవే కావాల్సింది. ఇనుప తీగ, ఎలక్ట్రోమాగ్నెట్ వాడితే లెక్కలో వచ్చిన ఫ్రీక్వెన్సీని సగం చేయాలి, ఎందుకంటే కరెంటు ఒక సైకిల్లో రెండుసార్లు తీగను లాగుతుంది.

అర మిల్లీమీటరు ఇత్తడి తీగకు అరకిలో బరువు కడితే, 50 హెర్ట్జ్‌కు పొడవు 54 సెంటీమీటర్ల దగ్గర రావాలి. వేసవి మధ్యాహ్నాల్లో అది 55 దాటి, ఒక్కోసారి 56కి దగ్గరగా వచ్చేది. అంటే 48.5. ఎక్కువమంది దాన్ని తప్పు రీడింగు అనుకుని రబ్బరు తీసుకునేవాళ్లు. రికార్డులన్నిట్లో 49.8, 50.1 అని అందంగా ఉండేవి.

తప్పు ఎక్కడుందో వెతికితే తెలిసేది. కప్పీ బిగుసుకుపోయి ఉంటే, బరువులో కొంత కప్పీయే మోస్తుంది, తీగలో బిగువు తగ్గుతుంది, పొడవు తగ్గి లెక్కలో ఫ్రీక్వెన్సీ పెరగాలి. మరి ఇది తగ్గింది. బరువులు, తీగ మందం అవే, పొద్దున బ్యాచ్‌కు వచ్చిన విలువే మధ్యాహ్నం బ్యాచ్‌కు రావడం లేదు. మారింది కరెంటే. ఆ కాలంలో దక్షిణాది గ్రిడ్‌లో ఉత్పత్తి కంటే వాడకం ఎక్కువ. పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా నడిస్తే జనరేటర్లు భారానికి నెమ్మదించి ఫ్రీక్వెన్సీ 50 కిందికి దిగేది. సబ్‌స్టేషన్ మీటరు చెప్పే సంగతినే మా బల్ల మీద ఒక కాగితం ముక్క చెబుతోంది. ఆ సంగతిని రబ్బరుతో తుడిచేయడం చూస్తే ఇప్పటికీ మనసొప్పదు.

బార్ పెండ్యులం

మీటరు పొడవు లోహపు పట్టీ, అయిదేసి సెంటీమీటర్లకు ఒక రంధ్రం. ఒక్కో రంధ్రాన్ని నైఫ్ ఎడ్జ్ మీద వేలాడదీసి 20 ఊపులకు ఎంత టైమో చూడాలి. దూరానికీ టైముకూ గ్రాఫు గీస్తే రెండు వంపులొస్తాయి. అడ్డంగా ఒక గీత గీసి నాలుగు చోట్ల కోయించి పొడవు తీస్తే, అక్కడి నుంచి జీ, అంటే గురుత్వ త్వరణం, సెకండు వర్గానికి ఇన్ని సెంటీమీటర్లు అని. రికార్డుల్లో 980 లేదా 981 ఉండేది. ఎందుకంటే పుస్తకాల్లో అదే ఉంది.

కానీ తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. భూమి మధ్యలో ఉబ్బి ఉంది, అక్కడ తిరిగే వేగమూ ఎక్కువ, అందుకని భూమధ్యరేఖ దగ్గర జీ 978.0, ధ్రువాల దగ్గర 983.2. లెక్కేస్తే మన ఊరి విలువ 978.3 దగ్గర తేలుతుంది. పుస్తకాల్లో కనిపించే 980.665 అనేది 1901లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రామాణిక సంఖ్య, దాదాపు 45 డిగ్రీల అక్షాంశానికి సంబంధించింది. 981 లండన్ పక్క విలువ. కష్టపడి కొలిచి 978 తెచ్చుకున్న పిల్లవాడు దాన్ని 981కి దిద్దాడంటే చేతిలో ఉన్న సొంత ఊరి విలువను కొట్టేసి లండన్ విలువ రాసుకున్నట్టే.

మాకు ఆ ల్యాబ్ చూసిన లెక్చరర్ ఒకాయన ఉండేవారు. మిగతావాళ్లు "ఎంత వచ్చింది?" అని అడిగి సంతకం పెట్టేవాళ్లు. ఆయన ఇంకోటి అడిగేవారు: "సరే, ఎంత దాకా నమ్మొచ్చు నాయనా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎక్స్‌పెరిమెంటు మొత్తం విప్పుకోవాలి. ఇరవై ఊపులకు పట్టేది 31 సెకండ్లు. క్లాక్ నొక్కడంలో 0.2 సెకండు అటూ ఇటూ అయితే జీ విలువ పన్నెండు యూనిట్లు కదులుతుంది. అంటే 20 ఊపులు లెక్కపెట్టినవాడికి 978 అనే హక్కూ లేదు, 981 అనే హక్కూ లేదు. "నూరు లెక్కపెట్టు" అనేవారాయన. నూరు ఊపులకు రెండున్నర నిమిషాలు పైన. పట్టీ కొస ఆగి వెనక్కి తిరిగే చోట కాదు, వేగంగా దాటే మధ్య చోట సుద్దముక్కతో గీత గీసి, అది దాటిన క్షణంలో నొక్కాలి. కొసన పట్టీ నెమ్మదిస్తుంది, ఏ క్షణంలో తిరిగిందో కన్ను చెప్పలేదు. "సున్నా" అని మొదలెట్టాలి గానీ "ఒకటి" అని కాదు. ఒక్కో రంధ్రం మీద నాలుగుసార్లు, నాలుగైదు రంధ్రాలు. అప్పుడు పొరపాటు ఒకటి రెండు యూనిట్లలోకి దిగుతుంది.

ఊపు ఎంత వెడల్పు అన్నది ఇంకో మెలిక. అయిదు డిగ్రీలు దాటకూడదు. అయిదు డిగ్రీలకే జీ విలువ దాదాపు ఒక యూనిట్ తక్కువగా వస్తుంది, పది డిగ్రీలైతే నాలుగు యూనిట్లకు దగ్గరగా. కాబట్టి 978 వచ్చిందని సంబరపడే ముందు, పెద్ద ఊపుల వల్ల తగ్గి 978 వచ్చిందేమో చూసుకోవాలి.

గ్రాఫు మీద ఒక మిల్లీమీటరు అంటే పట్టీ మీద అర సెంటీమీటరు. అదొక్కటే ఎనిమిది యూనిట్లు తినేస్తుంది. అందుకే గ్రాఫు వంపు చూసుకోవడానికే గానీ విలువకు వద్దనేవారు. రెండు రంధ్రాలు తీసుకుని, గరిమనాభి నుంచి వాటి దూరాలు, టైములు పెట్టి నేరుగా లెక్కగట్టాలి. దూరాన్ని టైము వర్గంతో గుణించి, రెండు రంధ్రాల విలువల తేడాను దూరాల వర్గాల తేడాతో భాగిస్తే నాలుగు పై స్క్వేర్ బై జీ వస్తుంది. ఒకటి 45 సెంటీమీటర్ల దగ్గర, ఇంకొకటి 15 దగ్గర తీసుకుంటే మంచిది. పక్కపక్క రంధ్రాలు తీసుకుంటే తేడా చిన్నదై తప్పు పెద్దదవుతుంది. ఇదంతా క్లార్క్స్ టేబుల్స్‌లో నాలుగంకెల లాగ్‌తోనే. చివరి అంకె ఒకటి మారితే జీ 0.2 మారుతుంది, కాబట్టి ఈ పనికి ఆ పుస్తకం సరిపోయింది.

అన్నీ అయ్యాక మిగిలేది క్లాక్. కీ ఇచ్చి తిప్పే స్టాప్ క్లాక్ రోజుకు రెండు నిమిషాలు వెనకబడితే చాలు, 978.3 ఉన్నది 981 అయిపోతుంది. గంటకు అయిదు సెకండ్లు. అంత తేడా ఆ క్లాకుల్లో మామూలే. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే కూతకు క్లాక్ మొదలుపెట్టి, గంట తర్వాతి కూతకు ఎంత చూపిందో రాసుకుని, ఆ నిష్పత్తితో టైములన్నీ సరిచేసుకోమనేవారు. ఎంత జాగ్రత్తగా నూరు లెక్కపెట్టినా ఈ ఒక్కటి చేయకపోతే లాభం లేదు. చేసినవాళ్ల రికార్డుల్లో 978 ప్లస్ ఆర్ మైనస్ రెండు అని ఉండేది. నా దృష్టిలో మూడేళ్ల కోర్సులో అంతకంటే విలువైన గీత మరొకటి లేదు, ఆ ప్లస్ ఆర్ మైనస్.

టాంజెంట్ గాల్వనామీటరు

కాయిల్ మధ్యలోని దిక్సూచి ముల్లు ఎంత తిరిగిందో చూసి కరెంటు కొలిచే సాధనమిది. ఇక్కడా అదే కథ. భూమి అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర అంశం 0.38 గాస్ అని పుస్తకంలో ఉంటే అందరూ అదే వేసేవాళ్లు. తిరుపతి అయస్కాంత భూమధ్యరేఖకు అంత దూరమేమీ కాదు, ఇక్కడ అది 0.40 దగ్గర ఉంటుంది. ఎనిమిది సెంటీమీటర్ల వ్యాసార్థం, 50 చుట్ల కాయిల్‌కు 45 డిగ్రీల విక్షేపం రావాలంటే 0.38తో లెక్కేస్తే 97 మిల్లీఆంపియర్లు చాలు, 0.40తో అయితే 102. సిరీస్‌లో ఒక మంచి అమ్మీటరు పెట్టినవాళ్లకు ఈ తేడా ఎదురుగా కనిపించేది.

అయితే ఇది జీ లాగా నమ్మకమైంది కాదు. బల్ల కింద ఇనుప స్టూలున్నా, పక్కన బీరువా ఉన్నా, రెండు అడుగుల్లో ఇంకొకరి అయస్కాంతమున్నా ముల్లు పక్కకు పోతుంది. ముందు కాయిల్ తలాన్ని ముల్లుకు సమాంతరంగా తెచ్చి, కరెంటు దిక్కు మార్చి రెండువైపులా విక్షేపం చూడాలి. రెండూ ఒక డిగ్రీలోపు కలవకపోతే బల్ల చోటు మార్చాలి. విక్షేపం 30కీ 60కీ మధ్య ఉండేట్టు రియోస్టాట్ సర్దుకోవాలి, 45 దగ్గరైతే ఒక డిగ్రీ తప్పు చదివినా నష్టం తక్కువ. ఇప్పటి పిల్లలు చేతిలోని ఫోన్‌లో మాగ్నెటోమీటరు యాప్ తెరిచి, ఇనుప సామాను లేని ఖాళీ చోట ఫోన్‌ను బల్లపరుపుగా పట్టుకుని, అడ్డంగా ఉన్న రెండు అక్షాల విలువల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 40 మైక్రోటెస్లాల (అంటే అదే 0.40 గాస్) దగ్గర కనపడుతుంది. ముందు ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పి క్యాలిబ్రేట్ చేసుకోవాలి, అయస్కాంతం ఉన్న కవరుంటే తీసేయాలి.